పథ్యం

ఆ రోజుల్లో ఆ ఇంట్లో గుడ్డ లేని భుజం లేదు. తాతగారికి తువ్వాలు, నాయనమ్మకి పాతచీర ముక్క, తండ్రికి చేతిరుమాలు, తల్లికి రెండు భుజాల మీదా రెండు నూలు గుడ్డలు. పాప పాలు తాగేది, నవ్వేది, చిన్న త్రేన్పు తీసి తాగినదాంట్లో కొంత పెదవి చివర నుంచి వదిలేసేది, మళ్లీ నవ్వేది. మెడ మడతల్లో ఎప్పుడూ పుల్లటి వాసన. పొద్దున్నుంచి సాయంత్రం దాకా డాబా మీద దండెం నిండా ఎవరికో లొంగిపోయినట్టు తెల్ల జెండాలు.

మా పై క్వార్టర్ వాళ్లు. విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం. పాప ముత్తాత ఇక్కడికి చేరేనాటికి భిలాయ్ అంటే పునాదుల గోతులు, ఎర్రమట్టి, రష్యా ఇంజనీర్లు. 1955లో సోవియట్ వాళ్లతో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించారు. ఆయన్ని వెనక నుంచి చూశానని ముత్తాత పోయేదాకా చెప్పుకునేవాడట. తాతగారు రైలు పట్టాల మిల్లులో చేసి రిటైరయ్యారు. మూడో తరానికి గేటు లోపల చోటు దొరకలేదు. కుర్రవాడు నందినీ రోడ్డులో ఒక ధర్మకాంటాలో పనిచేస్తున్నాడు. లారీల వేబ్రిడ్జి అన్నమాట. లారీ ప్లాట్‌ఫారమ్ ఎక్కుతుంది, ఇతను గదిలో కూర్చుని అంకె చూసి చీటీ కొడతాడు.

పని చిన్నదే గానీ దాని మీద అతనికి గౌరవం మెండు. ఒకసారి లోడు లారీ క్యాబిన్లో నలుగురు మనుషులు దుప్పటి కప్పుకుని దాక్కుని తూకం వేయించుకోబోతే ఎలా పట్టుకున్నాడో మా వీధిలో వినని వాళ్లు లేరు. నాకైతే మూడు రకాలుగా చెప్పాడు. చివరి రకంలో మనుషులు ఆరుగురయ్యారు.

కోడలిది పాలకొండ దగ్గర పల్లె. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఆమెకి పుట్టిల్లుంది గానీ అందులో తల్లి లేదు, ఇంటర్ చదువుతుండగానే పోయింది. కాబట్టి పురుడు ఇక్కడే పోశారు. అత్తగారు చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పేయాలి, లేకపోతే చదివేవాళ్లు ఆవిడ మీద ఒక కన్నేసి ఉంచుతారు. జనవరి చలిలో కోడలికి తెల్లవారుజామునే లేచి నీళ్లు కాచింది, నడుముకి గుడ్డ కట్టింది, పాలు పడాలని ఎండు సొర తెప్పించి పుట్టు వండింది. భిలాయ్‌లో సొరచేప సంపాదించడం చిన్న విషయం కాదు. విశాఖ నుంచి వచ్చే ఎవరికో చెప్పి తెప్పించింది, ఆ డబ్బా వాసనకి రైలు పెట్టె అంతా ఏమనుకుందో మరి.

పాపకి నెల నిండేసరికి కక్కడం మొదలైంది.

“ఓలమ్మ, తాగిందంతా కక్కీసింది!” అని మొదటిరోజు అత్తగారు పెట్టిన కేకకి నేను కింద నుంచి పరిగెత్తాను. నిజానికి అందరు పసిపిల్లలూ కొద్దో గొప్పో కక్కుతారు. ఆహారనాళం కడుపుతో కలిసే చోట బిగుసుకోవాల్సిన కండరం ఆ వయసుకింకా పనిలో కుదురుకోదు. తాగేవి నీళ్లలాంటి పాలు, ఉండేది రోజంతా పడుకుని. పైకి రాక ఏం చేస్తాయి? సాధారణంగా రెండు నెలల లోపు మొదలై నాలుగో నెలలో ముదురుతుంది. కూర్చోవడం, గట్టి తిండి తినడం వచ్చాక తగ్గుతుంది. ఏడాది నిండేసరికి నూటికి తొంభై మందికి పైగా మానేస్తారు. ఈ సంగతి చెబితే అత్తగారు నన్ను జాలిగా చూసింది. బళ్లో పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైనదానికి చంటిపిల్లల సంగతి ఏం తెలుస్తుందని ఆ చూపు.

ముందు దిష్టి తీశారు. ఉప్పు, ఎండుమిరపకాయలు. తర్వాత వసకొమ్ము అరగదీసి నాలుకకి రాశారు. వస మోతాదు మించితే వాంతి చేయించే సరుకని, వాంతి చేయించడానికే దాన్ని వాడేవారని ఆయుర్వేదం చదివిన ఎవరైనా చెబుతారు. కక్కే పిల్లకి కక్కించే మందు. తర్వాత వాము నీళ్లు. తర్వాత గ్రైప్ వాటర్. ఈ గ్రైప్ వాటర్‌ది తమాషా చరిత్ర. 1851లో ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి తయారుచేశాడు. సోపులాంటి గింజల నూనె, వంటసోడా, పంచదార, వాటితో పాటు ఆల్కహాల్. పాతకాలపు పిల్లలు తాగగానే ఎందుకు ఊరుకునేవారో వేరే చెప్పక్కర్లేదు. ఇప్పటి సీసాల్లో ఆల్కహాల్ లేదు, నమ్మకం మాత్రం ఉంది. పాప గ్రైప్ వాటర్ తాగి, దాన్ని కూడా కక్కింది.

అప్పుడు బజార్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్లారు. డాక్టరు పాప కడుపు మీద రెండు వేళ్లతో తట్టి ఒక సిరప్ రాశాడు. కడుపులో ఆమ్లం తగ్గించే మందు. హాయిగా ఆడుకుంటూ కక్కే పిల్లకి దానివల్ల ఒరిగేదేం లేదు. పైకి వచ్చే పాలు పులుపు తగ్గి వస్తాయి, అంతే, రావడం మానవు. కానీ లేచి వస్తుంటే ఆయన ఒక మంచి మాట అన్నాడు. “బరువు చూసుకుంటూ ఉండండి. పెరుగుతోందంటే భయం లేదు.” ఇచ్చిన ఫీజుకి ఆ మాట చాలు.

కుర్రవాడికి ప్రాణం లేచొచ్చింది. తూకమంటే అతని రాజ్యం. ఆ సాయంత్రమే సివిక్ సెంటర్ వైపు వెళ్లి డిజిటల్ బరువు మెషీన్ కొన్నాడు. వంద గ్రాముల తేడా కూడా చూపిస్తుంది. పాపని దాని మీద పడుకోబెడితే దొర్లిపోతుంది. అందుకని తల్లి ఎత్తుకుని నిలబడాలి, వచ్చిన అంకెలోంచి తల్లి బరువు తీసేయాలి. మిగిలింది పాప. లెక్క ఎవరికైనా అర్థమయ్యేదే. ఫిబ్రవరిలో ఒక ఆదివారం శ్రీకారం చుట్టారు. తల్లి ఒక్కతీ 45.2 కిలోలు, ఇద్దరూ కలిసి 49.2. పాప సరిగ్గా నాలుగు కిలోలు. కొత్త నోట్‌బుక్ మొదటి పేజీలో పసుపు రాసి, తేదీ వేసి, కింద గీత గీశాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం స్నానాలయ్యాక తూకం. తాతగారు పేపరు పక్కన పెట్టేవారు. అత్తగారు దేవుడి గదిలోంచి తొంగి చూసేది.

నాలుగు కిలోల వంద. తర్వాతి వారం మూడు తొమ్మిది వందలు. ఆపై వారం నాలుగు. ఆ తర్వాత మూడు ఎనిమిది వందలు.

పెరగడం లేదు. తాగినదంతా భుజాల మీద గుడ్డలకే పోతోంది. అలాంటప్పుడు కారణం పాలలో ఉండాలి, పాలలో ఉందంటే తల్లి తిండిలో ఉండాలి. అత్తగారి తర్కం ఇది. మన ఇళ్లలో బాలింత కంచానికి ఉన్నంత మంది న్యాయమూర్తులు సుప్రీం కోర్టులో కూడా ఉండరు.

“రేత్రి ఏటి తిన్నావు?” అనేది పొద్దున్నే. కోడలు చెప్పేది. పప్పు అయితే పప్పు పోయింది, గ్యాసట. గుడ్డు పోయింది, వేడట. పెరుగు పోయింది, జలుబట. వంకాయ మొదట్నుంచీ లేదు. అరటిపండు, శనగలు, టమాటా ఒక్కో ఆదివారానికి ఒక్కోటి చొప్పున వెళ్లిపోయాయి. ఆవుపాలు తల్లి తాగితే పిల్లకి పడవని ఎవరో ఫోన్‌లో చెప్పారట, పాలూ పోయాయి. కొందరు పిల్లలకి అలా పడకపోవడం నిజమే. కానీ అప్పుడు విరేచనంలో జిగట, నెత్తురు, ఒంటి మీద పొక్కుల్లాంటివేవో కనిపిస్తాయి, డాక్టరు చెప్పి మాన్పిస్తారు. ఇక్కడ ఫోన్ చెప్పింది. నీళ్లు ఎక్కువ తాగితే పాలు పలచబడతాయని గ్లాసు కూడా చిన్నది చేశారు. ఏప్రిల్ ఎండలు మొదలైన భిలాయ్‌లో! చివరికి కంచంలో మిగిలినవి అన్నం, వెల్లుల్లి కారం, చారు, వారానికి రెండుసార్లు బీరకాయ. పొట్లకాయ కూడా ఉండేది గానీ పాప ఒక రాత్రి మూడుసార్లు కక్కేసరికి దానికీ ఉద్వాసన చెప్పారు. పాపం సొర పుట్టు ఎప్పుడు పోయిందో నాకు గుర్తు లేదు.

కోడలు ఏమీ అనేది కాదు. పిల్ల కోసమంటే ఏ తల్లి ఏమంటుంది? రాత్రి రెండింటికి పైన లైటు వెలిగేది. పాలిచ్చి, భుజాన వేసుకుని, అరగంట నిలబెట్టి, పడుకోబెట్టి, కక్కితే లేచి బట్ట మార్చి, మళ్లీ మొదటికి. తెల్లవారి దండెం మీద గుడ్డలు ఆరేస్తున్నప్పుడు డాబా మెట్ల దగ్గర కనిపించి నవ్వేది.

నాకొకటి అర్థమయ్యేది కాదు. పాప నా చేతికి బరువుగానే తగిలేది. బుగ్గలు, తొడల దగ్గర మడతలు, ముంజేతికి దారం కట్టినట్టు గీత. అదే అన్నాను ఒకరోజు. “ఉబ్బు అది,” అంది అత్తగారు. “బారసాలకి కుట్టించిన గౌను చేతులు దూరడం లేదు కదా?” అన్నాను. “ఉతికితే ముడుచుకుపోయింది, ఇక్కడి గుడ్డ అంతే.” కుర్రవాడు నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టాడు. “ఆంటీ, కళ్లు మోసం చేస్తాయి. కాంటా చేయదు.”

ఆ ఆదివారం పాప మూడున్నర కిలోలకి దిగింది. మొదలుపెట్టినప్పటికన్నా అర కిలో తక్కువ. ఇంట్లో పొయ్యి వెలగలేదు. తాతగారు గోడకేసి తిరిగి కూర్చున్నారు. అత్తగారు పైడితల్లమ్మకి మొక్కుకుంది. మర్నాడే సెక్టార్-9 పెద్దాసుపత్రికి బయల్దేరారు. అక్కడ ఏ కౌంటర్ ఎక్కడో నాకు తెలుసని నన్నూ ఆటో ఎక్కించారు.

పిల్లల డాక్టరమ్మ హిందీ మనిషి. తల నెరిసింది, తొందరపడదు. ముందు ప్రశ్నలు. కక్కినప్పుడు పాలే వస్తున్నాయా, ఆకుపచ్చగా గానీ నెత్తురు చారలతో గానీ వచ్చిందా? లేదు. దూరంగా పిచికారీ కొట్టినట్టు చిమ్ముతుందా? లేదు, పెదవి చివర నుంచి కారుతుంది. జ్వరం? లేదు. పాలు వద్దని విరుచుకుని ఏడుస్తుందా? అబ్బే, లాక్కుంటుంది. రోజుకి ఎన్నిసార్లు పాస్ పోస్తుంది? ఆరేడుసార్లకి తక్కువ లేదు. పొట్ట నొక్కి చూసింది, మాడు చూసింది. పాప ఆవిడ స్టెతస్కోప్ పట్టుకుని లాగి, నవ్వి, ఆవిడ తెల్లకోటు మీద కక్కింది.

డాక్టరమ్మ కూడా నవ్వింది. “ఇది కడుపు జబ్బు కాదు, బట్టల జబ్బు,” అంది. “ఒకేసారి కడుపు నిండా కాకుండా కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు ఇవ్వండి. మధ్యలో ఆపి త్రేన్పు తీయించండి. తాగాక ఇరవై నిమిషాలో అరగంటో నిటారుగా ఎత్తుకోండి. వెంటనే ఊపొద్దు, కాళ్లు పొట్టకి నొక్కొద్దు. పడుకోబెట్టేటప్పుడు మాత్రం ఎంత కక్కినా సరే వెల్లకిలాగే, గట్టి పరుపు మీద, తలగడ లేకుండా. బోర్లా వద్దు. ఇంకో నెల ఇంకొంచెం ఎక్కువే కక్కుతుంది, భయపడకండి. సిరప్ ఆపేయండి. గ్రైప్ వాటర్, వస, అన్నీ ఆపేయండి.”

కుర్రవాడు ఒక్కో మాటా తల్లికి తెలుగులో చెప్పాడు. నలభై ఏళ్లుగా సుపేలా బజార్లో కూరగాయలు బేరమాడిన మనిషికి హిందీ రాదనా? అయినా కొడుకు నోట వింటే ఆవిడకి తృప్తి.

“అన్నీ బాగానే ఉన్నాయి మేడమ్, బరువే,” అన్నాడు అతను.

డాక్టరమ్మ పాప బట్టలు విప్పించి పిల్లల కాటా మీద పడుకోబెట్టింది. అంకె కాసేపు ఊగి నిలబడింది. 5.5.

“ఈ వయసుకి ఇంతకన్నా ఏం కావాలి?” అంది.

“మేడమ్, ఈ మెషీన్ తప్పు.” అతని గొంతులో ధర్మకాంటా పలికింది. నోట్‌బుక్ తీసి పేజీలు తిప్పాడు. తేదీలు, ఎర్రసిరా గీతలు. “నిన్న పొద్దున్న మూడున్నర. ఒక్కరోజులో రెండు కిలోలు ఎలా పెరుగుతుంది?”

ఆవిడకి కోపం రాలేదు. పక్క గదిలో ఉన్న ఇంకో కాటా మీద తూచింది. మళ్లీ 5.5. అప్పుడు నోట్‌బుక్ తీసుకుని మొదటి పేజీ నుంచి చదివింది. ఇంట్లో ఎలా తూస్తున్నారని అడిగింది. అతను ఉత్సాహంగా వివరించాడు. తల్లి ఎత్తుకుని నిలబడుతుంది, మొత్తంలోంచి తల్లి బరువు తీసేస్తాం, మిగిలింది పాప.

“ఈ 45.2 ఎప్పటిది?”

“మొదటి రోజుది మేడమ్. ఫిబ్రవరిది.”

డాక్టరమ్మ నోట్‌బుక్ మూసింది. మూలన పెద్దవాళ్ల బరువు మెషీన్ ఉంది. “చెప్పులు విప్పి ఎక్కమ్మా,” అంది కోడలితో.

43.2.

అతను ఫోన్ తీసి కూడాడు. నలభై మూడు రెండు వందలు, అయిదున్నర. నలభై ఎనిమిది ఏడు వందలు. నిన్న ఇంట్లో వచ్చిన అంకె, గ్రాము తేడా లేదు.

“మీ మెషీన్ మంచిదే,” అంది డాక్టరమ్మ. “పాప ఎనిమిది వారాల్లో కిలోన్నర పెరిగింది. ఈవిడ రెండు కిలోలు తరిగింది. అసలే సన్నపు మనిషి.” కోడలి కింది రెప్ప లాగి చూసింది. లోపల తెల్లగా ఉంది. రక్తపరీక్షకి రాసింది. “ఏం తింటున్నావమ్మా?” అని అడిగింది.

జవాబు అత్తగారే చెప్పింది, అదీ హిందీలో. ఏ వారం ఏది మానిపించిందో, ఎంత కట్టుదిట్టంగా పథ్యం చేయించిందో వేళ్ల మీద లెక్కపెడుతూ పోయింది. పప్పు, గుడ్డు, పెరుగు, పాలు. అయిదో వేలు దగ్గర ఆగింది. ఆ వేలు అలాగే పట్టుకుని కోడలి వైపు చూసింది. ఇక మాట రాలేదు.

“పాలిచ్చే తల్లికి మామూలుకన్నా రోజుకి అయిదారు వందల క్యాలరీలు ఎక్కువ కావాలి,” అంది డాక్టరమ్మ, రాస్తూనే. “మీరు ఉన్నది తీసేశారు. పిల్లకేం తక్కువ కాలేదు. తనకి కావాల్సింది తల్లి ఒంట్లోంచి లాక్కుంది.” చీటీలో పాప పేరు మీద ఒక్క మందూ లేదు. తల్లి పేరు మీద మాత్రం ఐరన్, కాల్షియం మాత్రలు రాసి, కింద పెద్ద అక్షరాలతో ‘అన్నీ తినాలి’ అని రాసింది.

చీటీ అందిస్తూ ఆవిడ మామూలుగానే అడిగింది, ఎగతాళి లేదు. “మీరేం ఉద్యోగం చేస్తారు?”

కుర్రవాడు గోడ మీద టీకాల బొమ్మ కేసి చూస్తూ ఉండిపోయాడు. జవాబు చెప్పింది కోడలు. ఇంట్లో నుంచి బయల్దేరాక ఆ అమ్మాయి నోరు విప్పడం అదే మొదలు.

“ధర్మకాంటాలో మేడమ్. లోడు లారీని ఒకసారి తూస్తారు, దించాక ఖాళీ లారీని మళ్లీ తూస్తారు. ప్రతి ట్రిప్పుకీ. నిన్నటి ఖాళీ తూకం ఇవాళ ఒప్పుకోరు.”